పేజీని వెనక్కి తిప్పేముందు



పోయిన టర్మ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు 'మా ఊరు' అని ఒక ప్రాజెక్ట్ ఇచ్చాం. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పిల్లలు రాత్రి తొమ్మిది దాకా మా ఫోన్లు వదలడం లేదని డైరీల్లో రాసి పంపారు మరి. క్లాసంతా కలిసి ఒకే గూగుల్ డాక్యుమెంట్‌లో రాయాలి. ఒక గ్రూపు పాపాఘ్ని గురించి, ఒక గ్రూపు గండి గురించి, ఇంకొకరు ఇడుపులపాయ గురించి, మిగిలినవాళ్ళు వేంపల్లె బజారు గురించి. పుస్తకాల్లోంచి ఎత్తి రాయకూడదు, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాయాలి. షరతు అదొక్కటే.

ఒక బుధవారం పొద్దున ఆరున్నరకు నా ఫోన్ మోగింది. "సార్, మొత్తం పొయ్యింది సార్." తెరిచి చూస్తే డాక్యుమెంట్‌లో ఒక నవ్వు బొమ్మ తప్ప ఏమీ లేదు. ఎవరో పిల్లవాడు వాళ్ళ నాన్న ఫోన్‌లో అంతా సెలెక్ట్ చేసి ఆ బొమ్మ నొక్కాడు. కావాలని చేశాడా, వేలు తగిలిందా అని నేను అడగలేదు. వెర్షన్ హిస్టరీ తెరిచాను. సోమవారం సాయంత్రం నాటిది నిండుగా కనిపించింది. రిస్టోర్ నొక్కాను. ఐదు సెకన్లలో పేజీలన్నీ తిరిగొచ్చాయి. ఆ రోజు అసెంబ్లీలో కాస్త గర్వంగానే నిలబడ్డానని ఒప్పుకోవాలి.

మధ్యాహ్నం లంచ్ బెల్ అయ్యాక గండి గ్రూపులోని ఒక అమ్మాయి వచ్చింది. "సార్, మా అవ్వ చెప్పింది కనపల్లేదు." ఆ అమ్మాయి మంగళవారం సాయంత్రం ఏడింటికి కూర్చుని ఒక పేజీ రాసింది. నవ్వు బొమ్మ పడింది రాత్రి తొమ్మిది దాటాక. నేను తొందరలో సోమవారానికి తిప్పేశాను. అంటే నవ్వు బొమ్మతో పాటు ఆ పేజీని కూడా తీసేసింది నేనే.

"మళ్ళీ అడిగి రాయొచ్చు కదమ్మా" అన్నాను.

"మళ్ళీ అడిగితే అవ్వ అట్లే చెప్పదు సార్" అంది.

అవ్వ చెప్పింది గండి బంగారు తోరణం కథ. మనవైపు వినని ఇల్లుండదు. దొర మన్రో గండి మీదుగా పోతూ, కొండల మధ్య పాపాఘ్నికి పైన బంగారు తోరణం వేలాడడం చూశాడని, అది అందరికీ కనపడదని, చావు దగ్గరపడిన పుణ్యాత్ములకే కనపడుతుందని చెప్తారు. మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడన్నది చరిత్ర. తోరణం జనం చెప్పుకునే కథ. ఆ రెండింటినీ కలిపి ఆ అవ్వ తన మాటల్లో ఎట్లా చెప్పిందో, అదే పిల్ల రాసుకున్నది.

అదృష్టం ఏమిటంటే ఆ పేజీ ఎక్కడికీ పోలేదు. మళ్ళీ హిస్టరీ తెరిస్తే మంగళవారం 7.40 నాటి కూర్పు అలాగే ఉంది. దాని పైన నవ్వు బొమ్మ కూర్పు ఉంది. దాని పైన నేను పొద్దున చేసిన ఘనకార్యం ఉంది. అయితే ఈసారి తొందరపడి 7.40కి తిప్పలేదు. అప్పటికే బజారు గ్రూపు పిల్లలు ఆ రోజు ఉదయం కొత్తగా రెండు పేరాలు చేర్చారు. తిప్పితే అవి పోతాయి. కాబట్టి పాత కూర్పును తెరిచి, అవ్వ చెప్పిన పేజీ వరకే కాపీ చేసి, ఇప్పటి డాక్యుమెంట్‌లో దాని చోట అతికించాను.

ఈ నెల ఈ శీర్షికలో దీని గురించే రాయాలనుకున్నాను. వెబ్ పేజీ గానీ, ఆన్‌లైన్ డాక్యుమెంట్ గానీ, పాత రూపానికి తిప్పడం అంటే అసలు ఏం జరుగుతుంది? పిల్లలకు బటన్ ఎక్కడుందో తెలుసు. నొక్కితే ఏమవుతుందో చాలామందికి తెలియదు. ఆ బుధవారం పొద్దున నాకూ సరిగా తట్టలేదు.

రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. ఒక స్థలం అమ్మారు, రిజిస్టర్ అయింది. తర్వాత ఇద్దరూ ఒప్పుకుని ఆ అమ్మకం రద్దు చేసుకున్నారు. అప్పుడు ఆఫీసువాళ్ళు పాత దస్తావేజు చించి పారేయరు. రద్దు దస్తావేజు అని ఇంకొకటి కొత్తగా రిజిస్టర్ చేస్తారు. ఈసీ తీస్తే రెండూ కనపడతాయి: అమ్మినదీ, రద్దు చేసినదీ, తేదీలతో సహా. వెబ్ పేజీని వెనక్కి తిప్పడం కూడా సరిగ్గా ఇంతే. మీరు సోమవారానికి తిప్పినప్పుడు మంగళవారం చెరిగిపోదు. సోమవారం నాటి రాతను బుధవారం తేదీతో మళ్ళీ ఒకసారి సేవ్ చేస్తారు. వెనక్కి పోయినట్టు కనిపిస్తుంది గానీ లెక్కలో అది ముందుకు వేసిన ఇంకో అడుగే.

దీన్ని పిల్లలకు కళ్ళతో చూపించడానికి తెలుగు వికీపీడియా కంటే మంచి చోటు లేదు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టిన ఆ విజ్ఞాన సర్వస్వంలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. ప్రతి వ్యాసానికీ పైన 'చరిత్ర' అని ఒక మాట కనిపిస్తుంది. ఫోన్‌లో అయితే పేజీని చివరిసారి ఎప్పుడు మార్చారో చెప్పే వరుస ఉంటుంది, దాన్ని తాకాలి. ఆ పేజీ పుట్టిన రోజు నుంచి నిన్నటి వరకు ఎవరెవరు ఎప్పుడు ముట్టుకున్నారో వరుసగా వస్తుంది. రాసినవారి పేరు, తేదీ, గంట, నిమిషం, ఎందుకు మార్చారో చెప్పే ఒక చిన్న సారాంశం. లాగిన్ కాకుండా రాసినా ఏదో ఒక గుర్తు పడుతుంది. ఏ రెండు కూర్పులనైనా ఎంచుకుని పోల్చి చూడొచ్చు. ఎడమవైపు పాతది, కుడివైపు కొత్తది, మారిన మాటలు రంగులో. మాకు ఎనిమిదో తరగతిలో ఆ ఒక్క స్క్రీన్ చూపించడానికి ఒక పీరియడ్ పట్టింది. నేను చెప్పడానికి పట్టిన సమయం తక్కువే. పిల్లలు తమకు తెలిసిన ఊళ్ళ పేజీలన్నీ తెరిపించి, ఎవరు ఏం మార్చారో చూడకుండా వదల్లేదు.

వికీ అనే పద్ధతిని అమెరికాలో వార్డ్ కన్నింగ్‌హామ్ 1995 మార్చి 25న మొదలుపెట్టాడు. ఆ పేరు హొనొలులు విమానాశ్రయంలో తిరిగే బస్సు పేరు నుంచి తీసుకున్నాడు. హవాయి భాషలో వికీవికీ అంటే త్వరత్వరగా అని. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అంటే, ఎవరైనా పాడు చేయొచ్చు కూడా. పాడు చేయడం కంటే బాగు చేయడం సులువైతే తప్ప ఆ పద్ధతి నిలవదు. ఒకడు పది నిమిషాలు కష్టపడి చెత్త రాస్తే, ఇంకొకరు ఒక్క నొక్కుతో తీసేయగలగాలి. 2001 జనవరి 15న మొదలైన వికీపీడియా ఇన్నేళ్ళు నిలవడానికి ఉన్న కారణాల్లో ఈ చరిత్ర పేజీ ముఖ్యమైనదని నా అభిప్రాయం. ఇప్పుడు మామూలు వెబ్‌సైట్లు నడిపేవాళ్ళకూ ఈ సౌకర్యం ఉంది. చాలా సంస్థల సైట్లు నడిచే వర్డ్‌ప్రెస్‌లో 2008 నుంచి పేజీల పాత కూర్పులు దాచుకునే ఏర్పాటు వచ్చింది. తేడా ఏమిటంటే అక్కడ ఆ చరిత్ర సైట్ నడిపేవాళ్ళకే కనిపిస్తుంది, వికీపీడియాలో అందరికీ కనిపిస్తుంది.

ఇక అసలు విషయం. వెనక్కి తిప్పడం అని మనం ఒకే మాట వాడతాం గానీ అందులో మూడు రకాలున్నాయి. నేను ఆ బుధవారం చేసిన పొరపాటు ఈ మూడింటినీ ఒకటిగా అనుకోవడమే.

మొదటిది, ఒక్క మార్పును మాత్రం రద్దు చేయడం. పది మంది పది మార్పులు చేశారు, అందులో నాలుగోది తప్పు. ఆ నాలుగోదాని పక్కనున్న రద్దు నొక్కితే అదొక్కటే పోతుంది, తర్వాతి ఆరుగురి పని ఉంటుంది. కాకపోతే ఆ ఆరుగురిలో ఎవరైనా అదే వాక్యాన్ని ముట్టుకుని ఉంటే మెషీన్ చేతులెత్తేస్తుంది. అప్పుడు మనమే చదివి చేత్తో సరిచేయాలి. రెండవది, చివరగా రాసిన మనిషి వరసగా చేసిన మార్పులన్నింటినీ ఒకే నొక్కుతో తీసేయడం. ఇది వికీపీడియాలో అందరికీ ఇవ్వరు. నిర్వాహకులకూ, నమ్మకం సంపాదించుకున్న కొద్దిమందికీ ఇస్తారు. పేజీని పాడు చేసినవాడి పని తుడవడానికే అది. మూడవది, ఒక పాత కూర్పును తెరిచి దాన్నే ఇప్పటిదిగా సేవ్ చేయడం. అన్నింటికంటే సులువు, అన్నింటికంటే ప్రమాదం. ఆ తర్వాత వచ్చిన మంచీ చెడూ అన్నీ పక్కకు పోతాయి. డాక్యుమెంట్‌లో రిస్టోర్ అంటే ఈ మూడవదే.

అందుకే మా క్లాసులో ఇప్పుడు ఒక అలవాటు పెట్టుకున్నాం. రిస్టోర్ నొక్కేముందు, తిప్పబోయే కూర్పుకూ ఇప్పటిదానికీ మధ్యలో ఎవరెవరి పేర్లున్నాయో గట్టిగా పైకి చదవాలి. ఆ పేర్లలో ఒక్కటైనా తప్పు చేయనిది ఉంటే ఆగాలి. ఇదేదో పెద్ద టెక్నిక్ కాదు. పేరు పైకి చదివితే ఆ పిల్ల మొహం గుర్తొస్తుంది, అంతే.

చరిత్ర పేజీలో ఇంకో చిన్న సంగతి ఉంది. ప్రతి మార్పు పక్కన ఒక అంకె ఉంటుంది. పేజీ ఎన్ని బైట్లు పెరిగిందో, తగ్గిందో అది చెబుతుంది. పెరిగితే ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు. ఎరుపులో పెద్ద అంకె కనిపిస్తే ఎవరో పెద్ద ముక్క కోసేశారని చూడకుండానే తెలుస్తుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరానికీ, దానికి పెట్టే గుడికీ, కొమ్ముకూ ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి. కాబట్టి తెలుగు పేజీలో అంకెలు ఎప్పుడూ కాస్త బొద్దుగా ఉంటాయి. అయితే ఈ అంకెను గుడ్డిగా నమ్మకూడదని మాకు మన ఊరి పేరే నేర్పింది.

మన ఊరు వేంపల్లెనా, వేంపల్లినా? బోర్డుల మీద రెండూ కనిపిస్తాయి. క్లాసు డాక్యుమెంట్‌లో పాపాఘ్ని గ్రూపు లీడర్ 'వేంపల్లె' అని రాశాడు. బజారు గ్రూపులో ఒకడు దాన్ని 'వేంపల్లి' చేశాడు. వీడు మళ్ళీ ఎత్వం పెట్టాడు. వాడు మళ్ళీ గుడి పెట్టాడు. ఇట్లా ఒక సాయంత్రం పదకొండు సార్లు. ఎత్వానికీ మూడు బైట్లే, గుడికీ మూడు బైట్లే. అదే వికీపీడియా పేజీ అయితే అన్నిసార్లు మారినా పక్కన అంకె సున్నా అనే చూపేది. కొలతకు అందని గొడవలు ఇట్లాంటివే ఎక్కువ.

ఇట్లా ఒకరి మార్పును ఒకరు తిప్పికొట్టుకుంటూ పోవడం వికీపీడియాలో నిత్యం ఉండే సమస్య. ఇంగ్లిష్ వికీపీడియాలో దీనికి ఒక కట్టుబాటు ఉంది: 24 గంటల్లో ఒకే పేజీని ఒక మనిషి మూడు సార్లకు మించి వెనక్కి తిప్పకూడదు. దాటితే కొంతకాలం రాయకుండా ఆపుతారు. మూడు సార్లు మీ హక్కు అని కాదు, అంతకు ముందే ఆగి మాట్లాడుకోండి అని. మాట్లాడుకోవడానికి ప్రతి వ్యాసానికీ వెనుక ఒక చర్చ పేజీ ఉంటుంది. మొత్తం వికీపీడియాకు సంబంధించిన సంగతులు మాట్లాడుకునే చోటుకు తెలుగువాళ్ళు పెట్టుకున్న పేరు రచ్చబండ. ఆ పేరు వినగానే పిల్లల్లో సగం మంది నవ్వారు, మిగతా సగం మందికి రచ్చబండ అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. ఈ మాట మాత్రం మీరు ఇంట్లో ఒకసారి చెప్పండి.

పిల్లల్లో ఇంకో అపోహ ఉంది: పాతది అంటే అసలైనది, కొత్తది అంటే ఎవరో చెడగొట్టింది. అట్లా ఏమీ లేదు. మన జిల్లానే చూడండి. ఇంగ్లిష్‌లో బ్రిటిష్‌వాళ్ళ కాలం నుంచి వచ్చిన 'కుడ్డపా' స్పెల్లింగ్ 2005లో 'కడప'గా మారింది. 2010లో జిల్లా పేరు వైఎస్సార్ జిల్లా అయింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనలో రాయచోటి మన జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాకు వెళ్ళింది. 2025లో మళ్ళీ వైఎస్సార్ కడప జిల్లా అన్నారు. ఎవరైనా 2015 నాటి పేజీ తెరిస్తే అందులో రాయచోటి మన జిల్లాలోనే ఉంటుంది. అది తప్పు కాదు, ఆ రోజుకు అదే ఒప్పు. ఆ పేజీని ఈ రోజు తీసుకొచ్చి పైన పెడితే మాత్రం తప్పు. మీ పెద్దమ్మాయి జాగ్రఫీ నోట్సు చూసి చిన్నబ్బాయి జిల్లా మ్యాప్ గీస్తే మార్కులు పోయేది ఇందుకే.

ఏ ప్రతి సరైనది అన్న ఈ తలనొప్పి ఇంటర్నెట్‌తో పుట్టలేదు. మన కడపలోనే రెండు వందల ఏళ్ళ కిందట ఒక మనిషి దీనితో కుస్తీ పట్టాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు, ఇక్కడే బంగళా కొన్నాడు, పండితులను జీతాలిచ్చి పెట్టుకున్నాడు. తాళపత్రాలకు నకళ్ళు రాసేవాళ్ళు రాస్తూ రాస్తూ తప్పులు చేసేవారు, తోచినవి చేర్చేవారు. ఆ నకలుకు నకలు. మొదటిది చెదలు తినిపోతే చూసుకోవడానికి ఇంకేమీ ఉండదు, వెనక్కి తిప్పే దారే మూసుకుపోతుంది. బ్రౌన్ ఏం చేశాడంటే, ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించాడు, పక్కపక్కన పెట్టించాడు, తేడాలు గుర్తింపజేశాడు, అప్పుడు ఒక పాఠం తేల్చాడు. వేమన పద్యాలను అట్లాగే పరిష్కరించి 1829లో అచ్చు వేయించాడు. మనం ఈ రోజు రెండు కూర్పులను పక్కపక్కన పెట్టి చూసే స్క్రీన్, ఆ బంగళాలో పండితులు చాప మీద కూర్చుని చేసిన పనే. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు కడపలో బ్రౌన్ పేరుతో గ్రంథాలయం ఉంది. కడప పని మీద వెళ్ళినప్పుడు పిల్లలను ఒక గంట అక్కడికి తీసుకెళ్ళండి.

వెనక్కి తిప్పే బటన్ ఉంది కదా అని ధీమా పడటానికీ లేదు. బటన్ నొక్కే మనిషి ముందు తప్పును చూడాలి. 2004లో ఫెర్నాండా వియెగాస్, మార్టిన్ వాటెన్‌బర్గ్ అనే పరిశోధకులు తోటివారితో కలిసి ఇంగ్లిష్ వికీపీడియా చరిత్ర పేజీలను పరిశీలించి ఒక పత్రం రాశారు. పేజీలో పెద్ద భాగం తుడిచేసిన సందర్భాల్లో సగం మూడు నిమిషాల లోపే సరిచేశారని అందులో తేలింది. వినడానికి బాగుంది. మరుసటి ఏడాది, 2005 మేలో, జాన్ సీగెంథాలర్ అనే అమెరికన్ జర్నలిస్టు పేజీలో ఎవడో తమాషాకు ఒక అబద్ధం రాశాడు. కెనెడీల హత్యలతో ఆయనకు సంబంధం ఉందని అనుమానించారట. నాలుగు నెలలకు పైగా అది అక్కడే ఉంది. పేజీ మొత్తం తుడిచేస్తే అందరికీ కనిపిస్తుంది. ఒక్క వాక్యం నెమ్మదిగా దూర్చితే ఎవరికీ కనపడదు. ఆ తర్వాత అదే ఏడాది డిసెంబరు నుంచి లాగిన్ కానివారు ఇంగ్లిష్‌లో కొత్త పేజీ మొదలుపెట్టకుండా ఆపారు. 2010 నుంచి అక్కడ చెత్త మార్పులను తనంతట తానే తిప్పేసే ఒక ప్రోగ్రాం కూడా కాపలా ఉంది. తెలుగులో చాలావరకు మనుషుల కళ్ళే ఆధారం.

వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడప్పుడూ ఒక స్క్రీన్‌షాట్ తిరుగుతుంది: "వికీపీడియాలో ఇట్లా ఉంది చూడండి" అని. ఆ స్క్రీన్‌షాట్ నిజమైనదే కావచ్చు. ఎవడో మార్చాడు, వెంటనే ఫొటో తీశాడు, పది నిమిషాల్లో ఇంకొకరు తీసేశారు. ఫొటో మాత్రం ఏడాది పాటు తిరుగుతూ ఉంటుంది. నమ్మే ముందు ఆ పేజీ చరిత్ర తెరిచి ఆ మాట అక్కడ ఎంతసేపు నిలిచిందో చూడమని మీ పిల్లలకు చెప్పండి. ఈ పని వాళ్ళు మనకంటే వేగంగా చేస్తారు.

తల్లిదండ్రులుగా మీరు తప్పక తెలుసుకోవాల్సినది ఇంకొకటి ఉంది. పైన ఈసీ గురించి చెప్పానే, రద్దు చేసినా పాతది రికార్డులో ఉంటుందని. అవ్వ కథ దొరికింది ఆ గుణం వల్లే. అదే గుణం ఇంకోచోట మెడకు చుట్టుకుంటుంది. పిల్లవాడు సరదాగా ఒక వికీ పేజీలో తన ఫోన్ నంబర్, ఇంటి అడ్రస్ రాశాడనుకోండి. భయపడి వెంటనే వెనక్కి తిప్పాడు. పైకి కనపడదు. చరిత్ర తెరిచిన ఎవరికైనా కనపడుతుంది. అట్లాంటప్పుడు తిప్పడంతో ఆగకూడదు. ఆ పాత కూర్పునే జనానికి కనపడకుండా దాచే అధికారం నిర్వాహకులకు ఉంది, వాళ్ళకు నేరుగా రాయాలి. చర్చ పేజీలో "ఇక్కడ మా నంబర్ పడింది, తీసేయండి" అని బహిరంగంగా రాయకూడదు, అది దండోరా వేయించినట్టే. సీగెంథాలర్ విషయంలోనూ ఆ అబద్ధమున్న పాత కూర్పులను చివరకు జనానికి కనపడకుండా తీసేశారు.

గూగుల్ డాక్యుమెంట్‌లోనూ ఇదే. మీరు ఒక అప్లికేషన్ రాశారు, అందులో మొదట ఆధార్ నంబర్ పెట్టి, వద్దనుకుని తీసేశారు. దాన్ని ఎడిట్ పర్మిషన్‌తో ఇంకొకరికి షేర్ చేస్తే వాళ్ళు వెర్షన్ హిస్టరీలో మీరు తీసేసింది కూడా చూడగలరు. వ్యూ మాత్రమే ఇస్తే చూడలేరు. ఎడిట్ ఇవ్వక తప్పదంటే డాక్యుమెంట్‌కు ఒక కాపీ చేసి ఆ కాపీని షేర్ చేయండి. కాపీకి పాత చరిత్ర వెంట రాదు.

ఇవన్నీ చరిత్ర దాచుకునే పేజీల సంగతి. దాచుకోని సైట్లో ఒక నోటిఫికేషన్ వచ్చింది, మరుసటి వారం చివరి తేదీ మారింది, మొదట ఏముందో మీకు గుర్తులేదు. అట్లాంటప్పుడు వేబ్యాక్ మెషీన్ అనే సైట్ చూడొచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రూస్టర్ కాల్ 1996లో మొదలుపెట్టిన ఇంటర్నెట్ ఆర్కైవ్ దీన్ని 2001 నుంచి అందరికీ ఉచితంగా ఇస్తోంది. ప్రపంచంలోని సైట్లకు ఎప్పటికప్పుడు నకళ్ళు తీసి తేదీలవారీగా పెడుతుంది. 2025 అక్టోబరులో లక్ష కోట్ల పేజీల మైలురాయి దాటింది. అయినా మీకు కావాల్సిన పేజీ, కావాల్సిన రోజుది అందులో ఉంటుందన్న హామీ లేదు. అందుకే ముఖ్యమైన నోటిఫికేషన్ చూసిన రోజే ఆ సైట్లో ఉన్న సేవ్ బటన్‌తో మీరే ఒక నకలు తీయించి పెట్టుకోవచ్చు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ అడ్మిషన్ల కోసం ఎదురుచూసే పదో తరగతి పేరెంట్స్‌కు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. పాత పేజీ చూపించినంత మాత్రాన ఆ తేదీ మళ్ళీ చెల్లుతుందని కాదు. మీరు తప్పు చదవలేదని మీకైనా తెలుస్తుంది.

'మా ఊరు' డాక్యుమెంట్ ఇప్పుడు పదిహేడు పేజీలైంది. ఊరి పేరు దగ్గర ఇద్దరు లీడర్లూ కూర్చుని మాట్లాడుకుని, పైన 'వేంపల్లె' అని పెట్టి, మొదటి పేజీ కింద 'కొందరు వేంపల్లి అని కూడా రాస్తారు' అని ఒక వాక్యం రాశారు. వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజు ప్రింట్ తీసి కంప్యూటర్ ల్యాబ్‌లో పెడతాం. గండి తోరణం కథ మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఇంకోరకంగా చెబితే పిల్లల చేత రాయించి పంపండి. ఆ అవ్వ చెప్పిన పేజీ పక్కనే అదీ పెడతాం.